తెల్లబట్ట: ముందు పరీక్ష, తరువాతే మందు

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ విశ్వవిద్యాలయంలోనో, అదే నగరంలోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలోనో చదవడానికి హైదరాబాద్, విజయవాడల నుంచి విమానమెక్కే అమ్మాయి పెట్టెలో మందుల సంచి తప్పకుండా ఉంటుంది. జ్వరానికి, గొంతునొప్పికి, విరేచనాలకు వేర్వేరు మాత్రల షీట్లు సర్ది పెడుతుంది అమ్మ. చాలాసార్లు వాటి అడుగున మూడు రకాల మాత్రలు కలిపిన చిన్న కిట్ కూడా ఒకటి ఉంటుంది. ‘కింద దురదొచ్చినా, తెల్లబట్ట అయినా వేసుకో’ అన్న మాటే దానికి చీటీ. ఆ కిట్‌లో సాధారణంగా ఉండేవి ఫ్లూకోనజోల్, అజిత్రోమైసిన్, సెక్నిడజోల్. మొదటిది ఫంగస్‌కు, రెండోది క్లమీడియా లాంటి బ్యాక్టీరియాకు, మూడోది ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవికీ, ప్రాణవాయువు లేనిచోట పెరిగే బ్యాక్టీరియాకూ. ఏదో ఒకటి తగలకపోదన్న నమ్మకంతో మూడూ ఒకేసారి మింగుతారు.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. తెల్లబట్ట ఒక లక్షణం. దాని వెనుక ఉండే కారణాలు పలు రకాలు. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయదు, కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది. కారణం తేల్చకుండా మందు వాడే అలవాటు మన ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి బాధపెడుతోంది. దాని చివరి మెట్టు ఎక్కడుందో తెలుగు రాష్ట్రాల్లో చూశాం: ముప్పై, ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకున్న వేలాదిమంది స్త్రీలలో. లీసెస్టర్‌లో ఉన్నవారికి ఆ దారిన వెళ్ళవలసిన అవసరం లేదు. పరీక్ష ఇక్కడ అందుబాటులోనే ఉంది. అందుకే ఇప్పటివరకు వైద్యశాస్త్రం తేల్చినదేమిటో, మన అలవాట్లలో సరైనదేమిటో కానిదేమిటో, ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఒకచోట చేర్చే ప్రయత్నం ఇది.

ఏది మామూలు?

యోని నుంచి స్రావం రావడం ఆరోగ్యమే. రజస్వల అయినప్పటి నుంచి ముట్లుడిగే దాకా ఈస్ట్రోజెన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ చేరుతుంది. లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఆ పిండిపదార్థం మీద బతికి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ ఆమ్లం వల్ల అక్కడి పీహెచ్ సుమారు 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ పులుపులో చెడు చేసే సూక్ష్మజీవులు చాలావరకు పెరగలేవు. ఈ మేలు చేసే బ్యాక్టీరియాను జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ 1892లోనే వర్ణించాడు. తరువాతి కాలపు జన్యు పరీక్షలు దాన్ని ఇంకా వివరంగా చూపాయి. 2011లో జాక్ రావెల్ బృందం దాదాపు నాలుగు వందల మంది అమెరికన్ స్త్రీలను పరిశీలించి, అందరి యోనిలోనూ ఒకే రకం బ్యాక్టీరియా ఉండదనీ, కొందరు ఆరోగ్యవంతుల్లో లాక్టోబాసిల్లస్ తక్కువగా ఉన్నా ఏ బాధా ఉండదనీ చెప్పింది.

నెలసరి చక్రాన్ని బట్టి స్రావం మారుతుంది. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. తరువాత చిక్కబడి తెల్లగా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు పెరుగుతుంది. దురద, మంట, దుర్వాసన, రక్తం, నొప్పి లేకుండా లోదుస్తుల మీద తెల్లని లేదా లేత పసుపు మరక కనిపిస్తే దానికి మందు అక్కరలేదు. ‘ఎముకలు కరిగి పోతున్నాయి’, ‘వేడి చేసి పోతోంది’, ‘బలమంతా కారిపోతోంది’ అని పెద్దవాళ్ళు చెప్పేవన్నీ భయాలే. ఆ స్రావంలో ఉండేది శ్లేష్మం, రాలిన కణాలు, బ్యాక్టీరియా. ఎముకల్లోని కాల్షియంతో దానికి సంబంధం లేదు.

ముగ్గురు ప్రధాన నిందితులు

సంతానవయసులో ఉన్న స్త్రీలలో అసహజ స్రావానికి ముఖ్యమైన కారణాలు మూడు. మూడింటికీ లక్షణాలు కొంత కలుస్తాయి కాబట్టే గందరగోళం.

మొదటిది ఫంగస్. ఇక్కడ దీన్ని థ్రష్ అంటారు. ఎక్కువసార్లు కారణం కాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్ట్. ఇది చాలామంది శరీరంలో ఏ ఇబ్బందీ లేకుండా ఉంటుంది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, చక్కెర అదుపు తప్పినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభిస్తుంది. దురద, మంట, వాపు, ఎరుపు, విరిగిన పాలముక్కల్లాంటి తెల్లని స్రావం దీని గుర్తులు. దుర్వాసన ఉండదు. పీహెచ్ మామూలుగానే ఉంటుంది. సుమారు 75 శాతం స్త్రీలకు జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్యుల అంచనా. దీన్ని లైంగిక వ్యాధిగా లెక్కించరు. భర్తకు లక్షణాలు లేకపోతే ఆయనకు మందు అవసరం లేదు.

చికిత్స సులువే. ఫ్లూకోనజోల్ 150 మి.గ్రా. మాత్ర ఒకసారి మింగడం, లేదా క్లోట్రిమజోల్ 500 మి.గ్రా. మాత్రను రాత్రి పడుకునేముందు యోనిలో పెట్టుకోవడం. రెండూ దాదాపు సమానంగా పనిచేస్తాయి. ఫ్లూకోనజోల్ పుట్టింది ఇంగ్లండ్‌లోనే, కెంట్ జిల్లా సాండ్‌విచ్‌లోని ఫైజర్ ప్రయోగశాలలో. గర్భిణులు మాత్రం దీన్ని మింగకూడదు. వారికి క్లోట్రిమజోల్‌ను వారం రోజుల దాకా లోపల పెట్టుకోమని చెబుతారు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్, రక్తం పలుచనవడానికి వార్ఫరిన్ వాడేవారు కూడా ఫ్లూకోనజోల్ వేసుకునేముందు ఫార్మసిస్టుకు ఆ సంగతి చెప్పాలి.

రెండోది బ్యాక్టీరియల్ వజైనోసిస్. క్లుప్తంగా బీవీ. పేరు థ్రష్ అంత వినిపించదు కానీ ప్రపంచవ్యాప్తంగా సంతానవయసు స్త్రీలలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఇది ఉంటుంది. బయటి నుంచి ఒకే క్రిమి వచ్చి పడడం ఇందులో ఉండదు. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, ఆ ఖాళీలో గార్డ్‌నెరెల్లా మొదలైన అనేక బ్యాక్టీరియా పెరిగి, యోని గోడ మీద పొరలా అతుక్కుంటాయి. స్రావం పలుచగా, బూడిద రంగు కలిసిన తెలుపులో, చేపల వాసనతో ఉంటుంది. కలయిక తరువాత వాసన పెరుగుతుంది. దురద ఉండదు, ఉన్నా స్వల్పం. దాదాపు సగం మందికి ఏ లక్షణమూ తెలియదు. 1955లో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీనికి ఒక బ్యాక్టీరియా కారణమని రాశారు. 1983లో ఆమ్సెల్ బృందం దీన్ని తేల్చడానికి నాలుగు గుర్తులు ఇచ్చింది: పలుచని ఏకరీతి స్రావం, 4.5 దాటిన పీహెచ్, క్షారం కలిపితే వచ్చే చేపల వాసన, సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియా అతుక్కున్న కణాలు. వీటిలో మూడు ఉంటే బీవీ అని తేలుతుంది.

దీనికి ఫంగస్ మందు ఏమాత్రం పనిచేయదు. మెట్రోనిడజోల్ మాత్రలు 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 5 నుంచి 7 రోజులు, లేదా మెట్రోనిడజోల్ జెల్, క్లిండమైసిన్ క్రీము లోపల పూయడం చికిత్స. మెట్రోనిడజోల్ మన ఇళ్ళలో విరేచనాలకు వేసుకునే ఫ్లాజిలే. దీని చరిత్ర తెలుసుకోదగినది. 1960 ప్రాంతంలో ఫ్రెంచి సంస్థ రోన్ పౌలెంక్ దీన్ని ట్రైకోమోనాస్ కోసం తెచ్చింది. 1962లో లండన్ దంతవైద్యుడు ఒకరు, ట్రైకోమోనాస్‌కు ఈ మందు వాడిన స్త్రీకి చిగుళ్ళ పుండు కూడా మానిపోయిందని గమనించి ‘లాన్సెట్’ పత్రికకు రాశారు. ప్రాణవాయువు లేనిచోట పెరిగే బ్యాక్టీరియా మీద దీని శక్తి ప్రపంచానికి తెలిసింది అలాగే. తరువాత 1970లలో బీవీ చికిత్సకు ఇదే ఆధారమైంది. మందు వాడే రోజుల్లోనూ, ఆ తరువాత రెండు రోజులూ మద్యం ముట్టవద్దని ఇక్కడి సూచన. క్లిండమైసిన్ క్రీము, క్లోట్రిమజోల్ కండోమ్ రబ్బరును బలహీనపరుస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు.

బీవీని తేలిగ్గా తీసుకోకూడదు. గర్భిణుల్లో నెలలు నిండని కాన్పుతో దీనికి సంబంధం ఉంది. హెచ్ఐవీ వంటి లైంగిక వ్యాధులు అంటుకునే అవకాశాన్నీ పెంచుతుంది.

మూడోది ట్రైకోమోనాస్ వజైనాలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. 1836లో పారిస్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ డోనే దీన్ని మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఇది లైంగిక కలయిక ద్వారానే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2020లో 15 నుంచి 49 ఏళ్ళ వారిలో 15.6 కోట్ల కొత్త కేసులు వచ్చాయి. పసుపు-ఆకుపచ్చ రంగులో, ఒక్కోసారి నురగతో కూడిన స్రావం, దుర్వాసన, మంట దీని లక్షణాలు. చాలామందికి ఏమీ తెలియదు. మెట్రోనిడజోల్ వారం రోజులు వాడాలి. భర్త లేదా భాగస్వామి కూడా అదే సమయంలో వాడాలి. ఇద్దరి చికిత్సా పూర్తయి ఒక వారం గడిచేదాకా కలయిక కూడదు. ఒకరు మందు వేసుకుని మరొకరు వేసుకోకపోతే జబ్బు తిరిగి వస్తూనే ఉంటుంది.

క్లమీడియా, గనేరియా గర్భాశయ ముఖద్వారంలో పెరిగే బ్యాక్టీరియా. వాటివల్లా స్రావం వస్తుంది. అవి పైకి పాకితే గర్భనాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవచ్చు. కలయిక తరువాత రక్తం కనిపించినా, పొత్తికడుపు నొప్పి ఉన్నా ముందు ఇవి లేవని పరీక్షతో తేల్చుకోవాలి.

సొంత నిర్ధారణ ఎంత నమ్మదగినది?

‘నాకిది ఇదివరకు వచ్చిందే, తెలుసు’ అనుకోవడం సహజం. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ నమ్మకాన్ని పరీక్షించింది. షాపులో సొంతంగా థ్రష్ మందు కొనుక్కున్న 95 మంది స్త్రీలను వైద్యులు పరీక్షిస్తే, మూడో వంతు మందికే నిజంగా థ్రష్ ఉంది. మిగిలినవారిలో కొందరికి బీవీ ఉంది, కొందరికి ఏ ఇన్ఫెక్షనూ లేదు. ఫంగస్ మందు వేసుకుని తగ్గలేదని బాధపడేవారిలో చాలామంది వేరే జబ్బుకు ఆ మందు వాడుతున్నవారే.

మూడు మందుల కిట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. యాంటీబయాటిక్ లాక్టోబాసిల్లస్‌ను దెబ్బతీస్తే ఆ తరువాత థ్రష్ పుట్టుకురావచ్చు. ఒక దురదకు వేసుకున్న మాత్ర మరో దురదను తేవచ్చు. అవసరం లేని చోట వాడిన యాంటీబయాటిక్ సూక్ష్మజీవులకు మందుకు లొంగకపోవడం నేర్పుతుంది. మన ఊళ్ళలో విరివిగా దొరికే, స్టెరాయిడ్ కలిసిన చర్మపు క్రీముల సంగతి ఇంకా తీవ్రం. గజ్జల్లో, జననాంగాల దగ్గర వాటిని వారాల తరబడి పూస్తే చర్మం పలుచబడుతుంది. ఫంగస్ లోపల ముదురుతుంది, పైకి మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది.

మధుమేహం నగరంలో థ్రష్

లీసెస్టర్‌కూ ఈ విషయానికీ ప్రత్యేకమైన ముడి ఒకటుంది. 2021 జనాభా లెక్కల్లో ఈ నగరవాసుల్లో 43 శాతానికి పైగా ఆసియా మూలాలవారు, 34 శాతానికి పైగా తమను భారతీయులుగా చెప్పుకున్నారు. దక్షిణాసియా మూలాలవారికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం తెల్లవారికంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే లీసెస్టర్ జనరల్ హాస్పిటల్‌లో ఉన్న లీసెస్టర్ డయాబెటిస్ సెంటర్, మెలనీ డేవిస్, కమలేశ్ ఖుంటీ వంటి ఆచార్యుల నాయకత్వంలో, ప్రపంచస్థాయి పరిశోధనకు వేదికైంది.

రక్తంలో చక్కెర ఎక్కువైతే యోనిలోనూ మూత్రంలోనూ చక్కెర పెరిగి ఈస్ట్‌కు ఆహారం దొరుకుతుంది. పదేపదే థ్రష్ వచ్చే స్త్రీకి అప్పటిదాకా తెలియని మధుమేహం బయటపడడం వైద్యులకు పరిచితమైన అనుభవం. ఏడాదిలో నాలుగుసార్లు దురద వచ్చినవారు మందుతో పాటు హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష అడగాలి. మనవారికి 23 దాటిన బీఎంఐ నుంచే ప్రమాదం మొదలవుతుందని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి ‘నేను లావుగా లేను కదా’ అన్న ధీమా పనికిరాదు.

మరో సంగతి ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహ మందులు చక్కెరను మూత్రం గుండా బయటికి పంపుతాయి. గుండెకూ మూత్రపిండాలకూ ఇవి మేలు చేస్తాయి కాబట్టి ఇక్కడా ఎక్కువగా రాస్తున్నారు. 2020లో పేటెంటు ముగిశాక డాపాగ్లిఫ్లోజిన్ భారతదేశంలో చవకగా దొరుకుతోంది. ఈ మందులు వాడే స్త్రీలలో జననాంగ ఫంగస్ మూడు రెట్లకు పైగా ఎక్కువ. లీసెస్టర్‌కు పిల్లల దగ్గరికి వచ్చిన తల్లులు, అత్తగార్లు ఈ మాత్ర వేసుకుంటూ దురదతో బాధపడుతూ, కొడుకుకో కోడలికో చెప్పలేక ఊరుకుంటారు. మాత్రను తమంతట తాము మానకూడదు. జీపీకి, అంటే ఇక్కడి కుటుంబ వైద్యుడికి, చెబితే థ్రష్‌కు చికిత్స చేసి, అవసరమైతే మందు మారుస్తారు. ఆ భాగంలో విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం కలిసి వస్తే మాత్రం అరుదైన తీవ్ర ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ముట్లుడిగిన తరువాత

నలభై అయిదు దాటినవారిలో మంట, పొడిబారడం, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం చాలాసార్లు ఇన్ఫెక్షన్ వల్ల కాదు. ఈస్ట్రోజెన్ తగ్గి యోని గోడ పలుచబడడం వల్ల. గ్లైకోజెన్ తగ్గుతుంది, లాక్టోబాసిల్లస్ తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది. మధుమేహం లేకపోతే ఈ వయసులో థ్రష్ అరుదు కాబట్టి ఫంగస్ క్రీము రాసుకుంటూ పోతే ఉపశమనం రాదు. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్‌ను యోనిలో పెట్టుకుంటే వస్తుంది. రక్తంలోకి చేరేది అత్యల్పం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం తమ వైద్య బృందాన్ని అడిగే వాడాలి. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనబడినా దాన్ని ‘వేడి’ అని సరిపెట్టుకోవద్దు. రోజుల్లోనే జీపీని కలవాలి.

మన ఊళ్ళు చెప్పే పాఠం

1989లో ‘లాన్సెట్’ పత్రికలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతుల పరిశోధన వెలువడింది. తెలంగాణ సరిహద్దును ఆనుకుని, తెలుగు మాట్లాడేవారు కూడా ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో రెండు గ్రామాలకు చెందిన 650 మంది స్త్రీలను వారు పరీక్షించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని తేలింది. అంతకు ముందు ఏ వైద్యుడైనా పరీక్షించినవారు 8 శాతమే. పల్లె స్త్రీ ఎంత మౌనంగా బాధపడుతోందో ఆ రెండు అంకెలూ ప్రపంచానికి చెప్పాయి.

ఇంకో కోణాన్ని గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం చూపింది. తెల్లబట్ట అని ఫిర్యాదు చేసే స్త్రీలలో చాలామందికి ఇన్ఫెక్షన్ కంటే మానసిక కుంగుబాటు, అలసట, ఇంటి బాధలే ఆ ఫిర్యాదుతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. ఆ స్త్రీ అబద్ధం చెబుతోందని దీనర్థం కాదు. చెప్పుకోవడానికి చోటులేని బాధకు శరీరం ఒక దారి వెతుక్కుంటుంది. లీసెస్టర్‌కు భర్త వీసా మీద వచ్చి, స్నేహితులు లేక, చలికాలం నాలుగు గంటలకే చీకటి పడే ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మాయి విషయంలో ఈ పాఠం గుర్తుంచుకోవాలి. పరీక్షలన్నీ బాగున్నా బాధ తగ్గకపోతే మనసు సంగతీ వైద్యుడికి చెప్పాలి.

భారత ప్రభుత్వ ఆసుపత్రులు చాలాకాలంగా లక్షణాన్ని బట్టి మందుల కిట్ ఇచ్చే పద్ధతి పాటిస్తున్నాయి. యోని స్రావానికి ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ ఉంటాయి. ప్రయోగశాల లేని చోట అది ఉపకారమే. కానీ లోపల దాగిన క్లమీడియా, గనేరియాలను స్రావం ఒక్కటే చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పరీక్ష చేసే వీలున్న చోట కూడా కిట్‌తో సరిపెట్టుకోవడం మాత్రం తప్పు.

ఈ తప్పుకు అత్యంత బాధాకరమైన ఫలితం గర్భసంచి తొలగింపు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో ఈ సమస్యను అధ్యయనం చేసి, చిన్న వయసులోనే అవసరం లేకుండా జరిగిన శస్త్రచికిత్సల గురించి గట్టిగా మాట్లాడారు. ‘తెల్లబట్ట అవుతోంది, ఇలా వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అన్న బెదిరింపు అనేకమందిని ఆపరేషన్ బల్ల ఎక్కించింది.

స్పష్టంగా చెప్పాలి. యోనిలోని ఇన్ఫెక్షన్‌కు గర్భసంచి తొలగింపు చికిత్స కాదు. గర్భసంచి తీశాక కూడా యోని ఉంటుంది, ఇన్ఫెక్షన్ మళ్ళీ రాగలదు. థ్రష్, బీవీ క్యాన్సర్‌గా మారవు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన లక్షణాలు ఒక్కసారిగా మీద పడతాయి. పొడిబారిన మంటతో కొత్త బాధ మొదలవుతుంది. లీసెస్టర్‌కు వచ్చే మన తల్లులలో ఇలాంటివారు ఉన్నారు. వాళ్ళ మంటకు ఫంగస్ మందు కాక ఈస్ట్రోజెన్ కావలసి ఉండవచ్చన్నది పిల్లలు తెలుసుకోవాలి.

శుభ్రత పేరిట జరిగే హాని

యోని తనను తానే శుభ్రపరచుకుంటుంది. లోపలికి నీళ్ళు కొట్టడం, డెట్టాల్ కలిపిన నీటితో కడగడం, వేపాకు కషాయం, పసుపు, పటిక పెట్టడం అన్నీ లాక్టోబాసిల్లస్‌ను దెబ్బతీసి బీవీకి దారితీయవచ్చు. సువాసనల ‘ఇంటిమేట్ వాష్’లూ అంతే. బయటి భాగాన్ని మామూలు నీళ్ళతోనో, వాసనలేని మృదువైన సబ్బు ప్రత్యామ్నాయంతోనో కడిగితే చాలు. మలవిసర్జన తరువాత ముందు నుంచి వెనక్కి కడగాలి. పెరుగు తింటే మంచిదే. కానీ పెరుగులోని బ్యాక్టీరియా, యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ ఒకే జాతి కావు. పెరుగు లోపల పూస్తే బీవీ నయమవుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. వెల్లుల్లి, టీ ట్రీ నూనె లోపల పెడితే చర్మం కాలవచ్చు.

ఇక్కడి వాతావరణమూ లెక్కలోకి రావాలి. లట్టర్‌వర్త్ దగ్గరి మాగ్నా పార్క్ లాంటి గిడ్డంగుల్లో పన్నెండు గంటల షిఫ్టు, జీన్స్ కింద థర్మల్స్, దాని కింద నైలాన్ లోదుస్తులు, చెమట. వీటివల్లే ఇన్ఫెక్షన్ వస్తుందని చెప్పలేం. కానీ తేమ, రాపిడి దురదను పెంచుతాయి. నూలు లోదుస్తులు, షిఫ్టు అవగానే మార్చుకోవడం, రోజూ ప్యాడ్ లాంటి ప్యాంటీలైనర్ పెట్టుకోకపోవడం మేలు.

మళ్ళీ మళ్ళీ వస్తే

ఏడాదిలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు వచ్చే థ్రష్‌ను బ్రిటన్‌లోని లైంగిక ఆరోగ్య వైద్యుల సంఘం పునరావృత థ్రష్‌గా నిర్వచించింది. దీనికి ముందు స్వాబ్ (దూదిపుల్ల) పరీక్షతో ఏ జాతి ఈస్టో తేల్చాలి. ఫ్లూకోనజోల్‌ను మూడు రోజులకొకటి చొప్పున మూడుసార్లు, తరువాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు ఇస్తారు. ఆల్బికాన్స్ కాని జాతులు కొన్ని ఫ్లూకోనజోల్‌కు లొంగవు. వాటికి వేరే మందులు స్పెషలిస్టు సలహాతోనే వాడాలి.

బీవీలో పునరావృతం ఇంకా ఎక్కువ. చికిత్స తీసుకున్నవారిలో సగానికి పైగా ఏడాదిలోపే మళ్ళీ దాని బారిన పడతారు. ఇన్నాళ్ళూ భర్తకు చికిత్స చేసినా ప్రయోజనం లేదని పాత పరిశోధనలు చెప్పాయి. 2025లో ఆస్ట్రేలియా మెల్‌బోర్న్ పరిశోధకులు ఆ మాటను మార్చారు. ఒకే భాగస్వామి ఉన్న 164 జంటల మీద జరిపిన ప్రయోగంలో, మగవారికి కూడా వారం రోజులు మెట్రోనిడజోల్ మాత్రలు, అంగం మీద క్లిండమైసిన్ క్రీము ఇచ్చినప్పుడు పన్నెండు వారాల్లో 35 శాతం స్త్రీలకే బీవీ తిరిగి వచ్చింది. స్త్రీకి మాత్రమే ఇచ్చినప్పుడు 63 శాతం మందికి వచ్చింది. ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ దీన్ని ప్రచురించింది. పదేపదే బీవీ వచ్చేవారు తమ వైద్యుడితో ఈ పరిశోధన గురించి మాట్లాడవచ్చు. అదే పత్రిక 2020లో, చికిత్స తరువాత యోనిలో సజీవ లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ పెడితే పునరావృతం 45 శాతం నుంచి 30 శాతానికి తగ్గిందని చూపింది. బీవీ స్త్రీ శుభ్రత లోపం వల్ల వస్తుందన్న నిందకు ఇక చోటు లేదు. అది ఇద్దరూ కలిసి పట్టించుకోవలసిన విషయం.

లీసెస్టర్‌లో ఎక్కడికి వెళ్ళాలి?

ఇదివరకు వైద్యుడు థ్రష్ అని చెప్పి, ఇప్పుడూ అవే లక్షణాలుంటే ఫార్మసీకి వెళ్ళవచ్చు. 16 నుంచి 60 ఏళ్ళ వారికి చీటీ లేకుండానే ఫ్లూకోనజోల్, క్లోట్రిమజోల్ ఇస్తారు. వేరుగా గదిలో మాట్లాడదామని అడిగే హక్కు ఉంది. మొదటిసారి వచ్చినా, గర్భంతో ఉన్నా, ఆరు నెలల్లో రెండుసార్లకు మించి వచ్చినా, మధుమేహం ఉన్నా, దుర్వాసన, రక్తం, పుండు, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా జీపీనే కలవాలి. జీపీ దగ్గర పేరు నమోదుకు చిరునామా పత్రం తప్పనిసరి కాదు. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిని తాత్కాలిక రోగిగా నమోదు చేయించవచ్చు. జీపీ సంప్రదింపు అందరికీ ఉచితం. ఏటా 776 పౌండ్లు ఆరోగ్య సర్‌ఛార్జి కట్టిన విద్యార్థినికి మిగిలిన ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య) సేవలు చాలావరకు హక్కుగా వస్తాయి. ఇంగ్లండ్‌లో మందు చీటీకి 2025లో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. గర్భిణులకు మినహాయింపు పత్రంతో ఉచితం.

లైంగిక వ్యాధి అనుమానం ఉంటే హేమార్కెట్ షాపింగ్ సెంటర్‌లో ఉన్న లైంగిక ఆరోగ్య క్లినిక్‌కు వెళ్ళవచ్చు. ఈ వ్యాధుల పరీక్ష, చికిత్స వీసా ఏదైనా ఉచితం. భర్తకు గానీ అత్తవారికి గానీ సమాచారం ఇవ్వరు. స్వాబ్ తీసుకోవడం చాలాసార్లు మీ చేతుల్లోనే ఉంటుంది. దూదిపుల్లను లోపల తిప్పి గొట్టంలో పెట్టి ఇస్తే చాలు. మహిళా వైద్యురాలిని, పక్కన మరో మహిళ ఉండాలని, తెలుగు దుభాషిని అడగవచ్చు. భర్తనో కొడుకునో దుభాషిగా పెట్టుకోవలసిన పని లేదు.

25 నుంచి 64 ఏళ్ళ వారికి వచ్చే గర్భాశయ ముఖద్వార పరీక్ష ఉత్తరాన్ని పక్కన పడేయవద్దు. వాసనతో, రక్తంతో కూడిన స్రావం కొన్నిసార్లు ఆ క్యాన్సర్‌కు గుర్తు. గర్భసంచి తీసి ముఖద్వారం ఉంచినవారికీ ఈ పరీక్ష అవసరమే.

వైద్యుడి దగ్గరికి వెళ్ళేముందు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి: స్రావం రంగు, వాసన ఎలా ఉన్నాయి, దురద, నొప్పి ఉన్నాయా, చివరి నెలసరి ఎప్పుడు, ఇప్పటికే ఏ మందులు వేసుకున్నారు. ఊరి నుంచి తెచ్చిన కిట్ వేసుకుని ఉంటే ఆ సంగతి దాచవద్దు. మందు వేసుకున్నాక పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

ఊరి నుంచి వచ్చిన మందుల సంచిలోంచి ఆ కిట్‌ను తీసి దగ్గర్లోని ఫార్మసీలో ఇచ్చేయండి, పాత మందులను వారు తీసుకుంటారు. రేపు దురదొచ్చినా, వాసన వచ్చినా జీపీకి ఫోన్ చేసి స్వాబ్ పరీక్ష అడగండి. లీసెస్టర్‌కు కొత్తగా వచ్చిన చెల్లెలికీ, సెలవుకు వచ్చిన అమ్మకూ ఇదే చెప్పండి.